మెదక్ బండికి ఆటోనగర్ బుద్ధి ఎప్పుడొస్తుందో!

ఎక్కడో అడవిలో మందుపాతర పేలి జవాన్లు చనిపోయారని వార్త రాగానే మన ఐటీ జనంలో రెండు పార్టీలు తయారవుతాయి. మొదటి పార్టీ వాళ్ళు "అమెరికా వాడి దగ్గర ఇంతింత లావు బండ్లున్నాయి, అవి కొని పారెయ్యొచ్చుగా!" అంటారు. రెండో పార్టీ వాళ్ళు "బండ్లన్నీ దండగ, కాలినడకన వెళ్ళాలి, గ్రేహౌండ్స్‌ని చూసి నేర్చుకోండి" అంటారు. రెండ్రోజులు ఈమెయిళ్ళూ వాట్సాపులూ హోరెత్తిపోతాయి. మూడో రోజు క్రికెట్ మాచ్ ఉంటుంది. అంతటితో సరి.

ఈ రెండు పార్టీల వాళ్ళూ అడగని ప్రశ్న ఒకటుంది. మంజూరు చేసిన బండ్లు ఏమయ్యాయి?

2017లో హోం వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ ప్రశ్న అడిగింది. అప్పుడు దానికి అధ్యక్షుడు చిదంబరం. తేలిందేమిటంటే, మంజూరైనవి 157 మందుపాతర రక్షణ వాహనాలు, ఐదేళ్ళలో తయారై చేతికొచ్చినవి 13. మళ్ళీ చదవండి. 157కి 13. నూటికి ఎనిమిది! మనలో ఎవడైనా ఐదేళ్ళ ప్రాజెక్టులో నూటికి ఎనిమిది మాడ్యూళ్ళు ఇచ్చి క్లయింటు ముందు నిలబడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఇక్కడ క్లయింటు కోప్పడలేడు. ఎందుకంటే ఆ క్లయింటు బండి లేక అద్దె వ్యానెక్కి గస్తీకి వెళ్ళిపోయాడు.

ఆ 157 బండ్లు చెయ్యాల్సింది ఎవరో పరాయివాళ్ళు కాదు. మన మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. 1984లో ఎద్దుమైలారంలో పెట్టారు, బీఎంపీ యుద్ధ వాహనాలు చేసేది కూడా అదే. "మన తెలుగు గడ్డ మీద తయారైన కవచ వాహనం" అని మనం జబ్బలు చరుచుకునేది దాని గురించే. చరుచుకోండి, తప్పులేదు. కానీ లెక్క కూడా అడగండి.

నా వాదన సూటిగా చెప్తాను. సమస్య బండి లావులో లేదు. ఎక్కేవాడు ఒకడు, కొనేవాడు ఇంకొకడు, చేసేవాడు మరొకడు. ఎక్కేవాడి మాట ఈ ముగ్గురిలో ఎక్కడా చెల్లదు. ఆ మాట చెల్లనంత కాలం ఎంత ఇనుము పోసినా ప్రయోజనం ఉండదు.

ముందు బండి సంగతి చూద్దాం. ఈ వాహనాలకి మూలపురుషుడు దక్షిణాఫ్రికా వాళ్ళు 1970ల చివర్లో తయారు చేసిన కాస్పిర్. అందులో కిటుకు చాలా చిన్నది. బండి పొట్ట బల్లపరుపుగా ఉంటే కింద పేలిన శక్తి అంతా లోపల కూర్చున్నవాడి వెన్నుపూసకి తగులుతుంది. అదే పొట్టని పడవ అడుగులాగా కోసుగా చేసి, నేలకి బాగా ఎత్తులో పెడితే, ఆ శక్తి రెండు పక్కలకీ చీలిపోతుంది. చక్రం ఊడిపోతుంది, ఇరుసు విరిగిపోతుంది, మనిషి బతుకుతాడు. చక్రం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు కదా!

కానీ దీనికో హద్దుంది. కాస్పిర్ తట్టుకునేది చక్రం కింద 21 కిలోల టీఎన్‌టీ, పొట్ట కింద 14 కిలోలు. నాటో వాళ్ళ ప్రమాణంలో నాలుగో స్థాయి రక్షణ అంటే 10 కిలోలు. ఈ లెక్కలన్నీ ఎవరిని దృష్టిలో పెట్టుకుని వేసినవి? ఫ్యాక్టరీలో తయారైన సైనిక మందుపాతరల్ని. ట్యాంకుల్ని ఆపడానికి పాతిపెట్టే మందుపాతరలో ఏడెనిమిది కిలోల మందు ఉంటుంది. ఒకదాని మీద ఒకటి రెండో మూడో పెట్టినా తట్టుకోవాలని ఆ లెక్క వేశారు.

బస్తర్లో పాతేవాడు ఆ లెక్క చూసుకుని పాతడు. రోడ్డు పక్క నుంచి సొరంగంలా తవ్వి, తారు కిందనో కల్వర్టులోనో 50, 60 కిలోలు కూరి, వైరు లాగి చెట్టు వెనక కూర్చుంటాడు. మందుకి కరువా అంటే, 2006 ఫిబ్రవరిలో బైలదిల్లా దగ్గర హిరోలీలో ఎన్‌ఎండీసీ గిడ్డంగి మీద పడి, 8 మంది సీఐఎస్ఎఫ్ జవాన్లని చంపి, టన్నుల కొద్దీ పేలుడు పదార్థాలు ఎత్తుకుపోయారు. ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం ఎక్కడో తెలుసుగా, మన హైదరాబాదు మాసబ్ ట్యాంక్‌లో. అంటే మందూ మన ఇంటి నుంచే పోయింది, బండీ మన ఇంటి నుంచే వెళ్ళింది.

ఇంకో సంగతి. అవతలి పక్క ఈ మందుపాతరల యుద్ధాన్ని ఏళ్ళ తరబడి నడిపిన నంబాళ్ళ కేశవరావు, అదే బసవరాజు, శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేట మనిషి. చదివింది వరంగల్ ఆర్ఈసీలో ఇంజనీరింగు. 2025 మే 21న అబూజ్‌మడ్‌లో ఎదురుకాల్పుల్లో చనిపోయాడు. ఆ మనిషి నెత్తురు మరకల్ని కడిగే ఉద్దేశం నాకు లేదు, ఉండదు. నేను చెప్పేది ఒక్కటే. ఇది రెండు ఇంజనీరింగు బృందాల మధ్య పోటీ. ఒక బృందం ప్రతి పేలుడు తర్వాతా పాఠం నేర్చుకుంది. ఇంకో బృందం ప్రతి పేలుడు తర్వాతా పుష్పగుచ్ఛం పెట్టింది.

తేదీలు వరసగా చూడండి. 2005 సెప్టెంబరు 3, బీజాపూర్ దగ్గర పదేవరా. మందుపాతరలని తట్టుకుంటుందన్న బండినే పేల్చేశారు, 24 మంది పోయారు. 2008 జులై 16, మన సరిహద్దుకి ఆనుకునే ఉన్న మల్కన్‌గిరి. మళ్ళీ అదే రకం బండి, 17 మంది ఒరిస్సా పోలీసులు. 2018 మార్చి 13, భద్రాచలం అవతల సుకుమా జిల్లా కిష్టారం. మళ్ళీ అదే రకం బండి, 9 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు. మొదటిదానికీ మూడోదానికీ మధ్య పన్నెండున్నర ఏళ్ళు. ఆ కాలంలో మన చేతిలో ఫోను ఎన్ని తరాలు మారిందో లెక్కేసుకోండి.

మధ్యలో, సీఆర్పీఎఫ్ అధిపతిగా ఉన్న కె. విజయ్ కుమార్ ఈ వాహనాల్ని చక్రాల మీద శవపేటికలు అన్నారు. వీరప్పన్ వేట నడిపిన అధికారి ఆయన, ఊరికే నోరు జారే మనిషి కాదు. ఆ మాటకి పత్రికల్లో పెద్ద పెద్ద శీర్షికలు పెట్టారు. కానీ ఆ మాటలో సగమే నిజం ఉంది. రెండో సగం చూడండి.

2019 మే 1న గడ్చిరోలిలో 15 మంది పోలీసులూ ఒక డ్రైవరూ చనిపోయారు. వాళ్ళు ఎక్కింది ప్రైవేటు వాహనం. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర 10 మంది డీఆర్‌జీ జవాన్లూ ఒక డ్రైవరూ. వాళ్ళు ఎక్కింది అద్దె వ్యాను. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రూ దగ్గర 8 మంది జవాన్లూ ఒక డ్రైవరూ. అక్కడా మామూలు బండే. ఈ డీఆర్‌జీ కుర్రాళ్ళు ఎక్కువమంది ఆ చుట్టుపక్కల గిరిజన పల్లెల వాళ్ళు. డ్రైవర్ల సంగతి సరేసరి, వాళ్ళకి ఈ యుద్ధంతో సంబంధమే లేదు. కవచం ఉన్న బండిలో వెళ్ళినా చచ్చారు, లేని బండిలో వెళ్ళినా చచ్చారు. అయితే రెండూ ఒకటే అంటారా? కాదు. కవచం ఉంటే చిన్న పాతర పేలినప్పుడు బతుకుతారు, పెద్ద పాతర పేలినప్పుడు పోతారు. అద్దె వ్యానులో అయితే చిన్నదానికీ పెద్దదానికీ కూడా పోతారు. ఈ తేడా విలువ ఎంతో ఆ తల్లుల్ని అడగండి.

ఇప్పుడు మొదటి పార్టీ దగ్గరికొద్దాం. "ఇంకా లావు బండి కొనండి." సరే, మన డెల్టా వాళ్ళకి అర్థమయ్యేలా చెప్తాను. పది పదిహేను టన్నుల బరువుండి, నేలకి అంతెత్తున పొట్ట ఉన్న బండిని వానాకాలంలో ఏలూరు కాలువ గట్టు మీద నడిపించండి చూద్దాం. గట్టు అంచు తెగిందంటే బండి కాలువలో తలకిందులవుతుంది. ఇది నా ఊహ కాదు, ఇరాక్‌లో అమెరికా వాళ్ళకి జరిగిందిదే. కాలువల పక్కన రోడ్డు అంచులు కుంగి, ఎత్తైన బండ్లు బోర్లాపడి, మందుపాతర లేకుండానే సైనికులు చనిపోయారు. అఫ్గానిస్తాన్ కొండ దారుల్లో ఆ బండ్లు పనికిరావని తెలుసుకుని 2009లో తేలికపాటి రకం వేరే చేయించుకున్నారు. బస్తర్ దారులు ఆ రెండిటికీ తీసిపోవు. పైగా బండి బరువు ఐదు టన్నులు పెంచాలంటే మనకి ఐదేళ్ళు పడుతుంది. గోతిలో మందు ఇంకో 20 కిలోలు పెంచాలంటే వాడికి ఒక్క రాత్రి చాలు. ఈ పందెంలో బరువు పెంచుకుంటూ గెలిచినవాడు ఇంతవరకూ లేడు.

రెండో పార్టీ వాళ్ళు చెప్పే గ్రేహౌండ్స్ మాటలో బలం ఉంది. 1989లో కె.ఎస్. వ్యాస్ ఆ దళాన్ని మొదలుపెట్టారు. అడవిలో రోడ్డుని నమ్మకు, కాలిని నమ్ముకో అన్న పద్ధతిని మిగతా రాష్ట్రాల వాళ్ళు వచ్చి నేర్చుకున్నారు. కానీ క్యాంపుకి బియ్యం, నీళ్ళు, మందులు ఎవరు మోస్తారు? కాలు పోయినవాణ్ణి ఆస్పత్రికి భుజాన వేసుకుని ఎన్ని మైళ్ళు నడుస్తారు? రోడ్డు వేసే కూలీలకి కాపలా ఎలా? ఎంత నడిచేవాడికైనా ఏదో ఒక రోజు బండి ఎక్కక తప్పదు. నడకేం మంత్రం కాదు కూడా. 2025 మే 8న ములుగు జిల్లా వాజేడు వైపు కాలినడకనే ఉన్న ముగ్గురు తెలంగాణ గ్రేహౌండ్స్ పోలీసులు మందుపాతరకి బలయ్యారు. కాబట్టి "నడవండి" అని ఏసీ గదిలో కూర్చుని సలహా పడేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

మరేం చెయ్యాలయ్యా అంటే, ఒక్కసారి బెజవాడ ఆటోనగర్ వెళ్ళి రండి.

అక్కడ లారీ బాడీ కట్టించడం చూసినవాళ్ళకి నేను చెప్పేది ఇట్టే అర్థమవుతుంది. చాసిస్ కొని షెడ్డుకి తోలుకొచ్చిన ఓనరు అక్కణ్ణించి కదలడు. ఎదురుగా బల్ల వేసుకుని కూర్చుంటాడు. రేకు మందం వేలితో నొక్కి చూస్తాడు, వెల్డింగు అతుకు దగ్గర సుత్తితో కొట్టి చూస్తాడు. పక్కన డ్రైవరు ఉంటాడు, "మేస్త్రీ, సీటు ఇంకో రెండంగుళాలు పైకి లేపు, అద్దం నాకు అందట్లేదు" అంటాడు. మేస్త్రీ మారు మాట్లాడకుండా లేపుతాడు. ఎందుకంటే రేపు ఆ సీట్లో కూర్చునేది ఎవరో ఇద్దరికీ తెలుసు. బరువు ఎక్కువ మోపితే కమాన్ కట్టలు కూర్చుండిపోతాయని చెప్పే ధైర్యం మేస్త్రీకి ఉంటుంది. నిమ్మకాయలు తొక్కించి, మొదటి లోడు వేసుకుని వెళ్ళినప్పుడు ఏదన్నా కిర్రుమందా, మర్నాడు పొద్దున్నే బండి మళ్ళీ అదే షెడ్డు ముందు ఉంటుంది. "నేను కాగితం మీద ఉన్నట్టే కట్టానండీ" అంటే ఆటోనగర్లో చెల్లదు. పక్కన ఇంకో పది షెడ్లు ఉన్నాయి మరి!

ఇప్పుడు మన కవచ వాహనం కథ చూడండి. ఎక్కేది జవాను. ఎన్ని కావాలో రాసేది ఢిల్లీలో హోం శాఖ ఫైలు. తయారు చేసేది రక్షణ శాఖ కింద ఫ్యాక్టరీ. ఆలస్యమైతే ఒక శాఖ ఇంకో శాఖకి ఉత్తరం రాస్తుంది. సొంత అన్నదమ్ముల మధ్య జరిమానా ఏముంటుంది? పక్కన పది షెడ్లు ఉన్నాయా అంటే, 157 బండ్ల కథ నడిచిన రోజుల్లో ఆర్డరంతా ఆ ఒక్క గుమ్మం ముందే. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డుని రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడగొట్టారు. మెదక్ ఫ్యాక్టరీ ఆర్మర్డ్ వెహికిల్స్ నిగమ్ కిందకి వెళ్ళింది. గేటు మీద బోర్డు మారింది, మంచిదే. కానీ ఓనరు వచ్చి బల్ల వేసుకుని కూర్చునే పద్ధతి వస్తేనే అది మార్పు. లేకపోతే కొత్త రంగు వేసిన పాత లారీ!

"రక్షణ విషయాలు నీకేం తెలుసోయ్, కోడు రాసుకో" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి నాదొకటే జవాబు. కోడు రాసేవాడికి తెలిసిన సంగతి ఇది. అర్ధరాత్రి సర్వరు పడిపోతే, మర్నాడు మధ్యాహ్నానికల్లా ఎందుకు పడింది, ఎవరు చూసుకోలేదు, మళ్ళీ పడకుండా ఏం చేస్తున్నాం అని రాసి క్లయింటుకి పంపకపోతే మన ఉద్యోగం ఉండదు. ఎవడో అమెరికాలో చొక్కాలు ఆర్డరు పెట్టుకోలేకపోయినందుకే ఇంత హడావిడి! మరి 24 మంది, 17 మంది, 9 మంది పోయినప్పుడు?

"అది దేశ రహస్యం, బయటపెడితే శత్రువుకి తెలిసిపోతుంది" అనేది తర్వాతి మాట. ఏం తెలుస్తుంది? ఆ బండి ఎన్ని కిలోలకి ముక్కలవుతుందో పేల్చినవాడికి ముందే తెలుసు, తెలుసు కాబట్టే పేల్చాడు. ఆ రహస్యం తెలియనిది ఇద్దరికే. బండెక్కే జవానుకి, దానికి డబ్బు కట్టే మనకి. విమానం కూలితే మన దేశంలో విచారణకి విడిగా ఒక సంస్థ ఉంది, నివేదిక జనం ముందు పెడుతుంది. అమెరికాలో కూడా ఈ బండ్ల విషయంలో తప్పు జరిగింది. 2005 ఫిబ్రవరిలో ఇరాక్ నుంచి మెరైన్లు అర్జంటుగా 1,169 కావాలని రాస్తే ఆ కాగితం బల్లల మీద నానింది. 2007లో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఇదే నా మొదటి పని అని కూర్చున్నాక గానీ కదల్లేదు. కూర్చున్నాక మాత్రం కొన్నేళ్ళలో సుమారు 27 వేలు చేయించారు. అయితే ముందు జరిగిన ఆలస్యం మీద 2008లో వాళ్ళ రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరలే విచారణ చేసి, మెరైన్ అధికారుల తప్పుని బయటపెట్టాడు. అవసరం తీరాక అదే బండ్లని అఫ్గానిస్తాన్‌లో తుక్కు కింద కోసేశారు, కొన్ని ఊరి పోలీసులకి పంచిపెట్టి పరువు పోగొట్టుకున్నారు. వాళ్ళ దగ్గర కొనాల్సింది బండి కాదు, తమ తప్పుని తామే రాసి బయటపెట్టే ఆ పద్ధతి.

నేను కోరేవి పెద్ద కోరికలేం కాదు. కొనే ముందు పరీక్షలో, ఆ బండి ఎక్కబోయే బెటాలియన్ నుంచి జవానూ డ్రైవరూ ఉండాలి, వాళ్ళు సంతకం పెట్టందే బండి తీసుకోకూడదు. డెలివరీ తేదీ దాటితే ఎవరు చేసినా జరిమానా పడాలి, ఆర్నెల్లు దాటితే ఆర్డరు ఇంకొకళ్ళకి వెళ్ళాలి. ప్రైవేటులో చేసేవాళ్ళు దేశంలో లేకపోలేదు. బండి ధరలోనే టైర్లు, ఇరుసులు, మరమ్మతులు కలిపి లెక్కగట్టాలి, షెడ్డులో తుప్పు పట్టిన కవచం ఎవర్నీ కాపాడదు. పేలిన ప్రతి బండినీ, కొన్నవాళ్ళకీ చేసినవాళ్ళకీ సంబంధం లేని ఇంజనీర్లు పరీక్షించి, నిజంగా దాచాల్సిన నాలుగు ముక్కలు దాచి మిగతాది పార్లమెంటు ముందు పెట్టాలి. క్వారీలకీ గనులకీ వెళ్ళే ప్రతి జిలెటిన్ పెట్టెకీ లెక్క ఉండాలి. మందు దొంగిలించడం కష్టమైతే బండికి అంత ఇనుము అక్కర్లేదు.

"ఇప్పుడెందుకివన్నీ, మావోయిస్టుల పని అయిపోయిందిగా" అంటారేమో. నిజమే, కేంద్రం 2026 మార్చి 31 అని గడువు పెట్టుకుని మరీ వెంటపడింది. 2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో హిడ్మా చనిపోయాడు. అదే రోజు ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు, కాకినాడ, కోనసీమ జిల్లాల్లో కలిపి 50 మందిని అరెస్టు చేస్తే, అందులో కొందరు దొరికింది ఎక్కడో గుర్తుందా? మన బెజవాడ కొత్త ఆటోనగర్లో! దండకారణ్యం ఎక్కడో ఉందనుకున్నాం, మెకానిక్ షెడ్ల పక్క వీధిలోకి వచ్చి కూర్చుంది. మనుషులు లొంగిపోతారు, పాతిపెట్టిన పాతర లొంగిపోదు. అది ఎన్నేళ్ళైనా మట్టిలో ఉంటుంది. అదీకాక కాశ్మీరు ఉంది, ఈశాన్యం ఉంది, రేపు ఇంకేదో ఉంటుంది. యుద్ధం లేని రోజుల్లో బాగుచేసుకోని కొనుగోలు పద్ధతి యుద్ధం వచ్చాక బాగుపడదు.

బందరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో రాత్రిపూట చూసే పరికరాలు చేస్తున్నారు, హైదరాబాదులో కవచపు ఉక్కు మీద పరిశోధన చేసే ప్రయోగశాల ఉంది, మెదక్‌లో ఫ్యాక్టరీ ఉంది, బెజవాడలో చాసిస్ చూసి దాని జాతకం చెప్పగల మేస్త్రీలు ఉన్నారు. మనకి తెలివి తక్కువై కాదు. ఎక్కేవాణ్ణి అడిగే అలవాటు లేకే.

ఈసారి ఎవరైనా మంత్రి పచ్చజెండా ఊపి కొత్త కవచ వాహనాన్ని సాగనంపుతున్న ఫొటో మీకు ఫార్వర్డు అయితే, లైకు కొట్టే ముందు రెండు ప్రశ్నలు పంపండి. మొత్తం ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని వచ్చాయి? ఇందులో కూర్చునేవాడు సంతకం పెట్టాడా?